మెదడు వయసెంత?



2008 సంక్రాంతికి అమెరికా నుంచి మా అక్కా, బావగారూ, పిల్లలూ వచ్చారు. మేనల్లుడికి అప్పుడు పదకొండేళ్లు. కళ్లజోడు పెట్టెలా తెరుచుకునే ఆట యంత్రం ఒకటి ఎప్పుడూ వాడి చేతిలోనే ఉండేది. భోగి ముందు రోజు మధ్యాహ్నం అమ్మ అరిసెలు వండి, పొయ్యి ఆర్పి, వసారాలో చాప మీద నడుం వాల్చింది. వాడు వెళ్లి పక్కన చేరాడు. యంత్రాన్ని తెరిచి, నిలువుగా తిప్పి, పుస్తకంలా పట్టుకున్నాడు.

"అమ్మమ్మా, నీ మెదడు వయసెంతో ఇది చెప్పేస్తుంది" అన్నాడు.

"నా వయసే నాకు సరిగ్గా తెలీదు. నా మెదడు వయసు దానికెలా తెలుస్తుందిరా?" అంది అమ్మ.

అయినా లేచి కూర్చుంది. మనవడు అడిగితే కాదనే అమ్మమ్మ ఎక్కడుంటుంది? తెర మీద ఒకదాని తర్వాత ఒకటిగా ఇరవై చిన్న లెక్కలు వస్తాయి. జవాబు పక్క తెర మీద సన్నటి పుల్లలాంటి పెన్నుతో రాయాలి. అమ్మ చదువు అయిదో తరగతి. అంకెలు గుర్తుపడుతుంది కానీ ఆ నున్నటి గాజు మీద పుల్లతో రాయడం ఆవిడకు చేతకాలేదు. దాంతో ఇద్దరూ ఒక ఒప్పందానికి వచ్చారు. వాడు లెక్క చదువుతాడు, ఆవిడ జవాబు చెబుతుంది, వాడు రాస్తాడు.

వాడు "సెవెన్ ఇంటూ ఎయిట్" అని చదివి తెలుగులోకి మార్చి చెప్పేలోపే, తెర మీది అంకెలు చూసి ఈవిడ "ఏడెనిమిదులు యాభై ఆరు" అనేసేది. వాడు అయిదు రాసి ఆరు రాసేలోపు తర్వాతి లెక్క కోసం చూస్తూ కూర్చునేది. ఇరవై లెక్కలూ అయ్యాక యంత్రం తీర్పు చెప్పింది. ఆ ఆటలో వేగాన్ని నడక, సైకిలు, కారు, రైలు అంటూ రాకెట్ దాకా మెట్లు మెట్లుగా చెబుతారు. అమ్మకు రైలు వేగం వచ్చింది.

"నా రాత స్లో అమ్మమ్మా, లేకపోతే నీది రాకెట్టే" అన్నాడు వాడు నొచ్చుకుంటూ.

అమ్మ మటుకు ఇంకో మాట అంది. "అన్నీ నాకు తెలిసినవే అడుగుతోందిరా అది. తెలియనిది ఒక్కటైనా అడగమను."

ఆ మాట నాకు అప్పుడు చమత్కారంగానే తోచింది. తర్వాత ఈ మెదడు ఆటల గురించి చదివినకొద్దీ, ఎందరో శాస్త్రవేత్తలు పదేళ్లపాటు వాదించుకున్న విషయాన్ని ఆవిడ అరిసెల పిండి చేతులు తుడుచుకుంటూ తేల్చేసిందని అర్థమైంది. ఈవేళ మీతో చెప్పదలచుకున్నది ఆ సంగతే.

మా వాడి చేతిలో ఉన్న యంత్రం పేరు నింటెండో డీఎస్. 2004 చివర్లో వచ్చింది. దానికి రెండు తెరలు. ఒకటి చూడడానికి, రెండోది వేలితోనో పుల్లతోనో తాకి ఆడడానికి. మాట వినే మైకు కూడా ఉంది. మెదడు వయసు చెప్పే ఆ ఆట 2005 మే నెలలో జపాన్‌లో విడుదలైంది. అక్కడ దాని పేరు చాలా పొడుగు. తెలుగు చేస్తే 'మెదడుకు సాము నేర్పే పెద్దల డీఎస్ శిక్షణ' అని వస్తుంది. పెద్దల అన్న మాట గుర్తుపెట్టుకోండి, దానితో పని ఉంది. ఏడాది తర్వాత అమెరికాలో దాన్నే 'బ్రెయిన్ ఏజ్' అన్నారు, యూరప్‌లో 'డాక్టర్ కవాషిమాస్ బ్రెయిన్ ట్రైనింగ్' అన్నారు.

ఆటలో తెర మీద ఒక ప్రొఫెసర్ గారి తల కనిపిస్తుంది. తల మాత్రమే, మొండెం ఉండదు. గాలిలో తేలుతూ, కళ్లజోడులోంచి మనల్ని చూస్తూ పలకరిస్తుంటారు. బాగా చేస్తే మెచ్చుకుంటారు, నాలుగు రోజులు ఆడకపోతే ఇన్నాళ్లూ ఎక్కడికి వెళ్లారని నిష్ఠూరమాడతారు. రోజూ ఆడినవాళ్లకు క్యాలెండరులో ఒక ముద్ర పడుతుంది. ఇక అభ్యాసాలంటారా, తేలిక లెక్కలు, పైకి చదవడం, రెండు నిమిషాల్లో ముప్ఫై మాటలు చూసి గుర్తున్నన్ని రాయడం. ఒక ఇంట్లోకి మనుషులు వెళుతూ, బయటికి వస్తూ ఉంటారు, చివరికి లోపల ఎందరు మిగిలారో చెప్పాలి. ఇంకోటి రంగుల పరీక్ష. నీలం అన్న మాట ఎర్ర సిరాతో రాసి ఉంటుంది. మీరు మాటను చదవకూడదు, సిరా రంగు చెప్పాలి. వినడానికి ఏముంది అనిపిస్తుంది, నోరు మాత్రం తడబడుతుంది. చదువు వచ్చిన కన్ను మాటను చదవకుండా ఉండలేదు మరి. ఇది ఆట కోసం పుట్టిన పరీక్ష కాదు. జాన్ రిడ్లీ స్ట్రూప్ అనే అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త 1935లోనే దీన్ని ప్రచురించాడు. ఈ పరీక్ష పెట్టే ముందు యంత్రం, మీరిప్పుడు పైకి మాట్లాడగలిగే చోట ఉన్నారా అని మర్యాదగా అడుగుతుంది. బస్సులో ఉన్నవాళ్లు లేదంటే వేరే పరీక్ష ఇస్తుంది. ఇంగ్లీషు ఆటలో మైకు బ్లూ అన్న మాటను సరిగ్గా పట్టుకోదని ఆడినవాళ్లు చాలామంది ఫిర్యాదు చేశారు. ఒక్క రంగు దగ్గర అరిచి అరిచి మెదడుకు పదేళ్లు వయసు పెంచుకున్నవాళ్లు లేకపోలేదు.

అన్నీ అయ్యాక యంత్రం మెదడు వయసు చెబుతుంది. ఇరవై అంటే భేష్. ఎనభై అంటే ఇక చెప్పక్కర్లేదు.

ఆ తేలే తల ఊహించి గీసింది కాదు. ర్యూటా కవాషిమా గారు నిజమైన ప్రొఫెసరే. జపాన్ ఈశాన్యంలో సెండాయి నగరం ఉంది. అక్కడి తొహొకు విశ్వవిద్యాలయంలో మెదడు బొమ్మలు తీసి పరిశోధన చేసేవారాయన. కష్టమైన లెక్క ముందు వేసుకుని ఆలోచిస్తూ కూర్చున్నప్పటికంటే, తేలిక లెక్కలు గబగబా చేస్తున్నప్పుడూ, పుస్తకం పైకి చదువుతున్నప్పుడూ నుదుటి వెనక ఉండే మెదడు భాగంలో సందడి ఎక్కువని ఆయన గమనించారు. దాని ఆధారంగా 2003లో పెద్దల కోసం లెక్కల అభ్యాసాల పుస్తకం వేస్తే జపాన్‌లో విపరీతంగా అమ్ముడుపోయింది. మతిమరుపు జబ్బు వచ్చిన వృద్ధుల చేత రోజూ కాసిని లెక్కలు చేయించి, నాలుగు పేరాలు పైకి చదివించే పద్ధతి కూడా ఆయన బృందం నడిపింది. తేలిక లెక్కలు, పైకి చదవడం అంటే మన వీధిబడి వ్యవహారమే కదండీ. పొద్దున్నే బడి అరుగు మీద కూర్చుని ఎక్కాలు గొంతెత్తి వల్లించడం, బాలశిక్ష పైకి చదవడం. మన పంతులుగారికి మెదడు బొమ్మ తీసే యంత్రం లేదు, బెత్తం ఉండేది.

ఇక్కడ ఒక తమాషా చెప్పాలి. 2001లో బ్రిటన్ వారపత్రిక అబ్జర్వర్ ఇదే ప్రొఫెసర్ గారి గురించి రాసింది. పిల్లలు కంప్యూటర్ ఆటలు ఆడుతున్నప్పుడు మెదడు ముందు భాగం పెద్దగా పని చేయడం లేదనీ, ఉత్త కూడికలు చేసే పిల్లల్లోనే అది చురుగ్గా ఉందనీ ఆయన హెచ్చరించారు. పరీక్షలో ఆ పిల్లలు ఆడింది నింటెండో వాళ్ల ఆటే! నాలుగేళ్లు తిరిగేసరికి అదే కంపెనీ ఆటలో ఆయన తల తేలింది. దీన్ని ఆయన మాట మార్చడం అనుకోనవసరం లేదు. కూడికలు మంచివని అన్నారు, ఆ కూడికలనే ఆటలో పెట్టించారు. మాట అదే, పెట్టె మారిందంతే.

పెట్టె ఇచ్చింది సతోరు ఇవాటా. అప్పటి నింటెండో అధ్యక్షుడు, స్వయంగా ప్రోగ్రాములు రాసిన మనిషి. ఆయనకు ఒక బెంగ ఉండేది. ఆటలు రానురాను చిక్కుగా తయారై, ఆరితేరిన కుర్రాళ్లకు తప్ప మిగతావాళ్లకు అర్థం కాకుండా పోతున్నాయి. జపాన్‌లోనేమో 2005 నాటికే ప్రతి అయిదుగురిలో ఒకరు 65 దాటినవాళ్లు. వాళ్లు ఆడదగ్గ ఆటలు మాత్రం పెద్దగా లేవు. ప్రొఫెసర్ గారిని కలవాలని ఇవాటా అనుకుంటే, ఆయనకు తీరిక దొరికిన రోజు సరిగ్గా డీఎస్ జపాన్‌లో విడుదలైన రోజయింది, 2004 డిసెంబరు 2. మరొకరైతే కొత్త సరుకు దుకాణాలకెక్కే రోజు ఊరు కదలరు. ఇవాటా సెండాయి వెళ్లారు. కాసేపు మాట్లాడదామనుకున్నది గంటల తరబడి సాగింది. ప్రొఫెసర్ గారు కంపెనీ మనిషి ఒకరి తలకు కొలత పరికరం తగిలించి, నమూనా ఆట ఆడించి, మెదడులో ఏం జరుగుతోందో అక్కడికక్కడే చూపించారు. ఆ తర్వాత తొమ్మిది మంది బృందం, తొంభై రోజుల గడువు. ఆట తయారైపోయింది. ఈ ముచ్చటంతా 2006లో అమెరికాలో జరిగిన ఆటల రూపకర్తల సభలో ఇవాటాయే చెప్పుకున్నారు.

చేతిలో పట్టే ఆటలకూ లెక్కలకూ చుట్టరికం అంతకుముందు నుంచే ఉంది లెండి. నింటెండో 1889లో క్యోటోలో పేకముక్కలు చేయడానికి పుట్టిన కంపెనీ. అందులో గున్పే యొకొయి అనే ఇంజనీరు ఉండేవాడు. ఒకసారి బుల్లెట్ రైల్లో ఉద్యోగి ఒకాయన తోచక క్యాలిక్యులేటర్ మీటలు నొక్కుకుంటూ కూర్చోవడం ఆయన కంట పడిందట. 1980లో వచ్చిన వాళ్ల మొదటి జేబు ఆటలు ఆ చూపులోంచి పుట్టినవే. క్యాలిక్యులేటర్‌లో వాడే తెరనే వాటిలోనూ వాడారు. లెక్కల యంత్రంలోంచి ఆట పుడితే, పాతికేళ్లకు ఆ ఆటలోకి లెక్కలు తిరిగొచ్చాయి.

ఆట వెల జపాన్‌లో 2,800 యెన్లు, మామూలు ఆటల ధరకంటే బాగా తక్కువ. మొదటి వారాల్లో పెద్ద హడావుడేం లేదు. మామూలుగా ఆటలు వచ్చిన వారం విపరీతంగా అమ్ముడై తర్వాత చల్లబడతాయి. ఇది అలా కాక, ఒకరు చెబితే ఒకరు కొంటూ నెలల తరబడి అమ్ముడవుతూనే పోయింది. అదే ఏడాది డిసెంబరులో రెండో భాగం వచ్చింది. మొదటిది ప్రపంచమంతా కలిపి కోటీ 90 లక్షలు, రెండోది దాదాపు కోటీ 49 లక్షలు అమ్ముడయ్యాయి. ఈ తరహా ఆటలకు జపనీయులు నోతొరె అని ముద్దుపేరు పెట్టుకున్నారు. నో అంటే మెదడు, తొరె అన్నది ట్రైనింగ్ అన్న మాటకు తునక. 2006లో జపాన్‌లో ఆ ఏటి మేటి కొత్త మాటలుగా ఎంచిన పదింటిలో అదొకటి. ప్రొఫెసర్ గారు తన వాటా సొమ్ము ఇంటికి తీసుకెళ్లకుండా ప్రయోగశాలల కోసం వదిలేశారని అప్పట్లో పత్రికలు రాశాయి.

ఇంతమంది ఎందుకు కొన్నారు? మెదడు బాగుపడుతుందని నమ్మి కొన్నారన్నది పైకి కనబడే జవాబు. నాకు మాత్రం, ఆ పెద్దల అన్న మాట వాళ్లకు అనుమతి పత్రంలా పనిచేసిందనిపిస్తుంది. అరవై ఏళ్ల మనిషి రైల్లో ఆట యంత్రం తీస్తే నలుగురూ ఏమనుకుంటారోనన్న జంకు ఉంటుంది. అది ఆట కాదు, వైద్యంలాంటిదంటే ఆ జంకు పోతుంది. పైగా ఒక అంకె చేతికొస్తుంది. బీపీ లాగా, షుగర్ లాగా పదిమందికీ చెప్పుకోదగ్గ అంకె. ఆ అంకె కోసమే ఆడేవాళ్లు చాలామంది. నేనూ అంతే.

ఆ సంక్రాంతికి అమ్మ లేచి వెళ్లాక యంత్రం నేను తీసుకున్నాను. నా అసలు వయసు నలభై ఒకటి. నా మెదడు వయసు అరవై మూడని తేలింది. మేనల్లుడు పడీ పడీ నవ్వాడు. పౌరుషం వచ్చి రోజూ ఆడాను. పదో రోజుకు ముప్ఫై నాలుగుకు దిగాను. అదే రోజు సాయంత్రం అమ్మ నాలుగు వస్తువులు చెప్పి బజారుకు పంపితే మూడే తెచ్చాను. నాలుగోది ఏమిటో ఇంటికొచ్చాక కూడా గుర్తు రాలేదు. స్కూటరు తాళాల కోసం వెతకడం కూడా యథాప్రకారమే.

మరి అరవై మూడు ముప్ఫై నాలుగు కావడంలో ఏం మారినట్టు? పుల్లతో రాయడం అలవాటైంది. యంత్రం నా నాలుగును తొమ్మిది అనుకోకుండా ఎలా గీయాలో తెలిసింది. ఏ పరీక్ష తర్వాత ఏది వస్తుందో కన్ను పసిగట్టేసింది. మన భాషలో దీనికి చక్కటి మాట ఉంది, చేయి తిరగడం. వంటలో చేయి తిరుగుతుంది, కుట్టుపనిలో చేయి తిరుగుతుంది. అయితే వంటలో చేయి తిరిగినంత మాత్రాన కుట్టుపని రాదు.

ఈ సంగతిని అమెరికాలో ఒక ప్రయోగం అద్భుతంగా చూపించింది. కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో ఎరిక్సన్, చేజ్ అనే పరిశోధకులు ఒక మామూలు విద్యార్థిని తీసుకున్నారు. వ్యాసాల్లో అతన్ని ఎస్.ఎఫ్. అనే అంటారు. అంకెలు ఒక్కొక్కటిగా చదువుతారు, అతను అదే వరసలో తిరిగి చెప్పాలి. మొదట్లో అందరిలాగే ఏడు దాకా చెప్పగలిగాడు. మీరూ నేనూ కూడా అంతే, ఒక ఫోను నంబరు దాటితే పట్టు తప్పుతాం. దాదాపు ఇరవై నెలలు, రెండువందల గంటలకు పైగా సాధన చేయించారు. చివరికి ఎంత చెప్పాడనుకున్నారు? 79 అంకెలు! ఒక్కసారి విని, పొల్లుపోకుండా.

అతని కిటుకు ఏమిటంటే, అతను పరుగు పందేల మనిషి. మూడు, నాలుగు, తొమ్మిది, రెండు అని వినబడగానే అతనికవి ఉత్త అంకెలు కావు, మైలు దూరాన్ని మూడు నిమిషాల నలభై తొమ్మిది సెకన్ల చిల్లరలో పరిగెత్తిన కాలం. అలా అంకెల్ని గుంపులు గుంపులుగా తన పరుగు పందేల గూళ్లలో సర్దుకున్నాడు. తర్వాత పరిశోధకులు అంకెలు మానేసి అక్షరాలు చదివారు. 79 అంకెలు అప్పజెప్పిన మనిషి ఆరు అక్షరాల దగ్గర ఆగిపోయాడు. అతని జ్ఞాపకశక్తి పెరగలేదు. అంకెలు దాచుకునే గూళ్లు పెరిగాయి. 1980లో సైన్స్ పత్రికలో వచ్చిన ఆ నివేదిక నాకు చాలా ఇష్టం. మన అవధానులు కూడా ఇలాంటి గూళ్లు కట్టుకున్నవాళ్లేనని నా అనుమానం. ఛందస్సు ఒక గూడు, పాదం ఒక గూడు, ప్రాస ఒక గూడు. పృచ్ఛకులంతా కలిసి చిందరవందర చేసిన పద్యాలను చివర్లో వరసపెట్టి అప్పజెప్పే మహానుభావుడు ఇంటికెళ్లి కళ్లజోడు ఎక్కడ పెట్టానని అడిగితే అందులో వింతేమీ లేదు.

నిజానికి ఇది ఇంకా పాత సంగతి. ఒక విద్యలో చేసిన సాధన మరో విద్యకు అందాలంటే రెండింటిలో ఉమ్మడి అంశాలు ఉండాలని థారన్‌డైక్, వుడ్‌వర్త్ అనేవాళ్లు 1901లోనే చెప్పారు. దాన్నే మళ్లీ ఈ కాలపు మెదడు ఆటల మీద పెద్ద ఎత్తున పరీక్షించింది ఏడ్రియన్ ఓవెన్ అనే శాస్త్రవేత్త బృందం. బీబీసీ సాయంతో 11,430 మంది చేత ఆరు వారాలు కంప్యూటర్ మీద మెదడు అభ్యాసాలు చేయించారు. కొందరికి తర్కం, ఇంకొందరికి జ్ఞాపకశక్తి, లెక్కలు వగైరా. మూడో గుంపుకు ఏ శిక్షణా లేదు. ఎవరికీ తెలియని చెత్త ప్రశ్నలకు ఇంటర్నెట్‌లో జవాబులు వెతకమన్నారు. 2010లో నేచర్ పత్రికలో ఫలితం వచ్చింది. ఎవరు ఏ ఆట ఆడారో ఆ ఆటలో బాగుపడ్డారు. ఆడని పరీక్ష పెడితే మాత్రం, మెదడుకు సాము చేసినవాళ్లకూ ఇంటర్నెట్‌లో కాలక్షేపం చేసినవాళ్లకూ పెద్ద తేడా కనబడలేదు.

డీఎస్ మీదే జరిగిన పరీక్షలు కూడా ఉన్నాయి. స్కాట్లాండ్‌లో 32 బడుల్లో 600 మందికి పైగా పిల్లల మీద ప్రయత్నించారు. సగం తరగతుల్లో తొమ్మిది వారాలు రోజూ 20 నిమిషాలు ఈ ఆట ఆడించారు. ఆ పిల్లలు నోటిలెక్కల్లో మిగతావాళ్లకంటే ఎక్కువ ముందుకెళ్లారు. ఆడింది లెక్కలు, పెరిగింది లెక్కలు. ఇందులో మాయ లేదు, అన్యాయమూ లేదు. లెక్కలంటే మొహం చాటేసే పిల్లవాడు రోజూ ఇరవై నిమిషాలు వాటితో గడిపాడంటే ఆ పెట్టెకు దండం పెట్టొచ్చు. ఫ్రాన్స్‌లో రెన్ విశ్వవిద్యాలయం వాళ్లు పదేళ్ల పిల్లల మీద చేసిన పరీక్షలో మటుకు, కాగితం పెన్సిలుతో చిక్కుప్రశ్నలు విప్పిన పిల్లలకంటే డీఎస్ పిల్లలు జ్ఞాపకశక్తిలో మెరుగేమీ కాలేదు. కవాషిమా గారి బృందమే 2012లో పెద్దవాళ్ల మీద ఒక పరీక్ష చేసి ప్రచురించింది. కొందరికి బ్రెయిన్ ఏజ్, కొందరికి టెట్రిస్, నాలుగు వారాలు. బ్రెయిన్ ఏజ్ ఆడినవాళ్లకు పనుల మీద అదుపు, ఆలోచనా వేగం పెరిగాయని వచ్చింది. అయితే పరీక్షలో పాల్గొన్నది ముప్ఫై మంది చిల్లర, పరీక్షించింది ఆట వెనకున్న గురువుగారి బృందమే. అందుకే ఈ ఫలితాన్ని నేను కొట్టిపారెయ్యను, నెత్తినా పెట్టుకోను.

టెట్రిస్ పేరు వచ్చింది కనుక దాని సంగతీ రెండు మాటలు. 1984లో మాస్కోలో అలెక్సీ పజిత్నోవ్ తయారుచేసిన ఆట అది. మీరు పేరు వినకపోయినా ఆట చూసే ఉంటారు. పాతికేళ్ల కిందట తిరునాళ్లలో, ఎగ్జిబిషన్లలో, బస్టాండు దుకాణాల్లో బ్రిక్ గేమ్ అని ప్లాస్టిక్ యంత్రం అమ్మేవాళ్లు చూడండి, 9999 ఆటలని మీద అచ్చు వేసి. లోపలున్నవి నాలుగైదే, మొదటిది ఇదే, పైనుంచి రాలే ఇటుకల్ని సర్దే ఆట. మెదడు వ్యాయామమని దాన్ని ఎవరూ కొనలేదు, పిల్లవాడి గోల పడలేక కొన్నారు. కానీ 1992లో రిచర్డ్ హేయర్ అనే శాస్త్రవేత్త ఈ టెట్రిస్ ఆడేవాళ్ల మెదళ్లను చూశాడు. కొత్తగా ఆడుతున్నప్పుడు మెదడు బోలెడంత చక్కెర ఖర్చు చేస్తోంది. కొన్ని వారాల సాధన తర్వాత స్కోరు ఎన్నో రెట్లు పెరిగింది, మెదడు ఖర్చు చేసే చక్కెర మాత్రం తగ్గింది!

ఇది ఒకసారి ఆలోచించాల్సిన సంగతి. మెదడులో ఒక భాగం వెలిగింది కాబట్టి అది బలపడుతోందని మనం గబుక్కున అనేసుకుంటాం. కొత్త కోడలు మొదటిసారి వంటింట్లోకి వెళితే గిన్నెల చప్పుడు వీధిలోకి వినిపిస్తుంది. ఏడాది తిరిగాక అదే వంట, సగం చప్పుడు. చప్పుడును బట్టి వంట రుచి చెప్పలేం కదా. తెలిసిన పనికి మెదడు ఎక్కువ ఖర్చు పెట్టదు, గట్టి సంసారి. అమ్మ అన్న మాట ఇక్కడికి వచ్చి ఆగుతుంది. అన్నీ తెలిసినవే అడుగుతోందిరా.

జేబు యంత్రాల కాలం పోయి ఫోన్లు వచ్చాక ఈ వ్యాపారం ఫోన్లలోకి పాకింది. లుమోసిటీ అనే అమెరికన్ కంపెనీ తన ఆటలు ఉద్యోగంలో, చదువులో పనికొస్తాయనీ, ముసలితనపు మతిమరుపును వెనక్కి నెడతాయనీ ప్రకటనలు వేసుకుంది. ఆధారం చూపించమని అక్కడి వ్యాపార నియంత్రణ సంస్థ పట్టుకుంది. 2016లో కంపెనీ 20 లక్షల డాలర్లు కట్టి రాజీపడింది. అలాగని ఈ రంగమంతా బూటకమని కొట్టేయడానికీ లేదు. అమెరికాలోనే 65 దాటిన 2,832 మంది మీద ఏళ్ల తరబడి సాగిన పెద్ద పరిశోధన ఒకటుంది. అందులో జ్ఞాపకశక్తికి ఇచ్చిన శిక్షణ కంటే, తర్కానికి, చూపు వేగానికి ఇచ్చిన శిక్షణల ఫలితం ఎక్కువ కాలం నిలిచింది. చూపు వేగం శిక్షణ అంటే, తెర మధ్యలో ఒక బొమ్మ, అంచున ఇంకో బొమ్మ తళుక్కుమంటాయి, రెండింటినీ పట్టుకోవాలి. ఆ శిక్షణ పొందినవాళ్లలో పదేళ్ల తర్వాత మతిమరుపు జబ్బు కొంత తక్కువగా కనబడిందని 2017లో రాశారు. దాని మీదా వాదోపవాదాలు నడుస్తూనే ఉన్నాయి. ఇంట్లో పెద్దవాళ్లకు నిజంగా మతిమరుపు మొదలైతే చూపించాల్సింది డాక్టరుకు, ఆటల అంగడికి కాదు.

ప్రొఫెసర్ గారి తల ఇంకా తేలుతూనే ఉంది. 2019 చివర్లో నింటెండో స్విచ్ అనే యంత్రం మీదికి కూడా వచ్చింది. అందులో యంత్రం మన వేళ్లను కెమెరాతో చూస్తుంది. లెక్కకు జవాబు వేళ్లు చూపి చెప్పొచ్చు. వేళ్ల మీద లెక్కపెట్టినందుకు మేం బడిలో దెబ్బలు తిన్నాం. ఇప్పుడు దానికీ మార్కులు వేస్తున్నారు.

ఆ సంక్రాంతి సెలవుల్లో మేనల్లుడూ అమ్మా పన్నెండు రోజులు ఆ చాప మీదే కూర్చున్నారు. మూడో రోజుకు అమ్మకు యంత్రం మీద మోజు పోయింది. వాడికి మాత్రం అమ్మమ్మ జవాబులు ఎక్కడినుంచి వస్తున్నాయో పట్టుకోవాలని పట్టుదల వచ్చింది. ఆవిడ ఎక్కం పాడితే వాడు వెనకే పాడేవాడు. రెండిరెళ్లు నాలుగుతో మొదలుపెట్టి వెళ్లే రోజుకు పదమూడో ఎక్కం దాకా లాక్కొచ్చాడు. తెలుగులో నూరు దాటి లెక్కపెట్టడం రాని పిల్లవాడు. డీఎస్‌లో వాడి మెదడు వయసు ఎంతకు దిగిందో నాకు గుర్తులేదు. వాడికీ గుర్తులేదట, మొన్న అడిగితే చెప్పాడు. యంత్రం కూడా ఎటో పోయింది. వాడికిప్పుడు ఉద్యోగం, పెళ్లి. అమ్మకు ఎనభై దాటాయి. ఆదివారం ఆదివారం న్యూజెర్సీ నుంచి ఫోన్ చేస్తాడు. హలో అనడు.

"అమ్మమ్మా, పదమూడు ఎనిమిదులు?" అంటాడు.

"నూట నాలుగు. అన్నం తిన్నావా?" అంటుంది అమ్మ.